ఒంటిచక్రం తొక్కేవాళ్లకు ఎలాంటి బూట్లు కావాలి?

సాదా యూనిసైకిల్‌కు బ్రేకు ఉండదు, గేర్లు ఉండవు, చైను కూడా ఉండదు. పెడళ్లు బిగించిన క్రాంకులు నేరుగా చక్రం ఇరుసుకే పట్టి ఉంటాయి. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి, పెడళ్లను ఆపితే చక్రమూ ఆగిపోతుంది. మామూలు సైకిలు మీద పల్లం వచ్చినప్పుడు తొక్కడం మానేసి కాళ్లకు కాస్త విశ్రాంతి ఇవ్వవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. బండిని నడిపేదీ పాదమే, వేగం తగ్గించేదీ పాదమే, ఒళ్లు ముందుకో వెనక్కో ఒరిగినప్పుడు చక్రాన్ని మళ్లీ కిందికి తెచ్చుకునేదీ పాదమే. పట్టుకోవడానికి హ్యాండిల్ లేదు కనుక మనిషికీ బండికీ మధ్య సంబంధమంతా సీటు దగ్గర, రెండు పెడళ్ల దగ్గర మాత్రమే. సీటు ఎలాంటిదైనా కొన్నాళ్లకు అలవాటైపోతుంది. పెడలు మీద పాదం నిలవకపోతే మాత్రం సవారీ సాగదు. బూట్ల సంగతి ముందుగా ఆలోచించాల్సింది ఇందుకే.

పాదానికి ఎంత పని పడుతుందో లెక్క వేసి చూడవచ్చు. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా వాడే 20 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు సుమారు 1.6 మీటర్లు వెళ్తుంది. కిలోమీటరు పోవాలంటే 620కి పైగా చుట్లు తిరగాలి. దూరప్రయాణాలకు వాడే 36 అంగుళాల పెద్ద చక్రమైతే చుట్టుకు 2.87 మీటర్లు పోతుంది, కిలోమీటరుకు 350 చుట్లు సరిపోతాయి. అయినా గంటకు 20 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే పాదాలు నిమిషానికి 116 సార్లు తిరగాల్సిందే. పందేల్లో ఇది ఇంకా ఎక్కువ. అంతర్జాతీయ యూనిసైక్లింగ్ సమాఖ్య నియమాల ప్రకారం ట్రాక్ పోటీల్లో వాడే 24 అంగుళాల తరగతి చక్రం వ్యాసం 618 మిల్లీమీటర్లు మించకూడదు, క్రాంకు పొడవు 125 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఆ చక్రంతో 100 మీటర్ల పందెం ముగించడానికి 51 చుట్లు దాటుతాయి. ప్రపంచ స్థాయి పోటీదారులు దాన్ని 13 సెకన్లకు అటూ ఇటూగా పూర్తి చేస్తారు. అంటే సెకనుకు నాలుగు చుట్లు. ఆ జోరులో పాదం వేలెడు పక్కకు జరిగినా దాన్ని ఎత్తి మళ్లీ సరిగ్గా పెట్టే వ్యవధి దొరకదు.

ఎక్కే తీరు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. గోడా కంచే ఆనకుండా ఎక్కేవాళ్లు ముందుగా సీటును కాళ్ల మధ్య ఇరికించుకుని, తమ వైపుకు ఉన్న పెడలు మీద ఒక పాదం పెడతారు. ఒక్క ఊపున పైకి లేస్తూనే రెండో పాదాన్ని అవతలి పెడలు మీద వేస్తారు. చూపు ముందుకే ఉండాలి, కిందికి చూస్తే తూకం తప్పుతుంది. కాబట్టి రెండో పాదం పెడలును తడుముకుంటూ వెతుక్కోవాల్సిందే. అరికాలి మధ్యలో పడవచ్చు, మడమ మీద పడవచ్చు, క్రాంకుకు రాసుకునేంత దగ్గరగా పడవచ్చు. ఎక్కడ పడితే అక్కడే ఉంచి రెండు మూడు చుట్లు తొక్కాలి. ఆ తర్వాత పెడలు పైకి వచ్చేటప్పుడు పాదం మీద బరువు తగ్గే క్షణం కనిపెట్టి, కొద్దికొద్దిగా సరైన చోటికి జరుపుకోవాలి.

ఎంపికలోని అసలు చిక్కంతా ఇక్కడ ఉంది. పాదం జారకూడదు, అలాగని అతుక్కుపోనూ కూడదు. పట్టు ఎంత ఎక్కువైతే అంత మంచిదని అనుభవజ్ఞులు కూడా చెబుతుంటారు కానీ అది సగమే నిజం. నిన్నగాక మొన్న మొదలుపెట్టినవాళ్లు బంకలాంటి రబ్బరు అడుగు ఉన్న ఖరీదైన బూట్లు తొడుక్కుని, పదునైన పిన్నులున్న లోహపు పెడళ్ల మీద ఎక్కితే, తప్పుగా పడిన పాదం తప్పుగానే ఉండిపోతుంది. దాన్ని జరపాలంటే పూర్తిగా పైకి ఎత్తాలి. ఎత్తగానే పడిపోతారు. పట్టు ఎంత కావాలన్నది సవారీ ఎలాంటిదో, పెడళ్లు ఎలాంటివో చూసి నిర్ణయించుకోవాలి తప్ప బూటు ధర చూసి కాదు.

పాదంలో పెడలు మీద ఆనాల్సిన భాగం వేళ్ల మొదళ్ల వెనక ఉబ్బెత్తుగా ఉండే చోటు. చీలమండ స్వేచ్ఛగా ఆడాలన్నా, తొక్కుడు నున్నగా సాగాలన్నా బరువు అక్కడే ఉండాలి. ఎత్తు నుంచి దూకేవాళ్లు, చక్రం మీద గెంతేవాళ్లు మాత్రం పాదాన్ని ఇంకొంచెం ముందుకు జరిపి అరికాలి మధ్యభాగాన్ని పెడలు మీదికి తెచ్చుకుంటారు. దిగినప్పుడు దెబ్బ పిక్కల మీద పడకుండా ఉంటుందని అలా చేస్తారు. రెండు పద్ధతుల్లోనూ బూటు అడుగు ముందు నుంచి వెనకదాకా చదునుగా ఉంటేనే పాదాన్ని కావలసిన చోట నిలపగలరు. అడుగు మధ్యలో వంపు, మడమ ముందు మెట్టు ఉన్న బూట్లలో పాదం పెడలు మీద ఒకే చోట ఇరుక్కుంటుంది.

చాలామంది ఇళ్లలో సిద్ధంగా ఉండేవి జాగింగ్ బూట్లే. ఒంటిచక్రానికి అవి సరిపడవు. పరుగు కోసం వాటికి ఇచ్చిన సుగుణాలన్నీ ఇక్కడ అడ్డం తిరుగుతాయి. వాటి అడుగున మందపాటి మెత్తటి ఫోమ్ ఉంటుంది. మడమ వేళ్ల కంటే 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. ముందు కొన పైకి వంగి ఉంటుంది, మడమ రబ్బరు పక్కలకు విచ్చుకుని ఉంటుంది. ఫోమ్ వల్ల పెడలు అంచు పాదానికి తెలియదు. ఒరుగుతున్నామని తెలిసి పాదం నొక్కిన నొక్కు ముందు ఫోమ్‌ను అణచి ఆ తర్వాతే పెడలుకు చేరుతుంది. ఆ కొంచెం ఆలస్యం మామూలు సైకిలు మీద లెక్కలోకి రాదు, ఇక్కడ దాని మీదే తూకమంతా నడుస్తుంది. వంగిన ముందు కొన వల్ల పెడలుకు ఆనే వైశాల్యం తగ్గుతుంది. విచ్చుకున్న మడమ ప్రతి చుట్టుకూ క్రాంకుకు తగులుతూ టకటకమంటుంది. పైభాగం పల్చని జాలీ గుడ్డ కాబట్టి క్రాంకు రాపిడికి కొద్ది వారాల్లోనే చిరుగుపడుతుంది. ట్రెక్కింగ్ బూట్లది ఇంకో రకం ఇబ్బంది. చీలమండకు రక్షణ బాగానే ఉంటుంది గానీ, అడుగున ఉన్న లోతైన రబ్బరు గుబ్బలు పెడలు పిన్నుల మధ్య ఇష్టం వచ్చినట్టు ఇరుక్కుంటాయి, గట్టి అడుగు వల్ల పాదానికి ఏమీ తెలియదు.

మరి ఎంత మందం కావాలి? పల్చనైతే పెడలు స్పర్శ బాగా తెలుస్తుంది, పాదం మాత్రం త్వరగా నొప్పెడుతుంది. కొత్తవాళ్లకు ఈ నొప్పి మరీ ఎక్కువ. భయంతో సీటు మీద పూర్తిగా కూర్చోక, బరువంతా పెడళ్ల మీదే మోపుతారు. పది నిమిషాలకే అరికాళ్లు మండుతాయి. నేర్పు వచ్చేకొద్దీ బరువు సీటు మీదికి మారుతుంది, పాదాలు తేలికపడతాయి. అప్పుడు కొత్త సంగతి ఒకటి బయటపడుతుంది. మొదట్లో బరువు వల్లే నిలిచిన పాదం, ఇప్పుడు వేగంగా తొక్కేటప్పుడు పెడలు మీద చిన్నగా ఎగురుతుంది. మొదట్లో చాలిన బూటే కొన్ని నెలల తర్వాత జారుతున్నట్టు అనిపించడానికి తరచుగా కారణం ఇదే. బూటు అరగకపోయినా అలా అనిపిస్తుంది.

దుకాణంలో చేసి చూడదగ్గ పరీక్షలు కొన్ని ఉన్నాయి, ఏ పరికరమూ అక్కర్లేదు. బూటును రెండు చేతుల్లో పట్టుకుని కొనను, మడమను దగ్గరికి వంచాలి. వేళ్ల మొదళ్ల దగ్గర వంగితే మంచిది. సరిగ్గా నడిమికి మడత పడితే పెడలు అంచు అరికాలిలోకి పొడుచుకొస్తుంది. తర్వాత తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పి చూడాలి. కొద్దిగా మెలిక పడాలి, మరీ తేలిగ్గా తిరిగిపోకూడదు. బొటనవేలి గోరుతో అడుగు రబ్బరును నొక్కితే చిన్న గుర్తు పడి నెమ్మదిగా మాసిపోవాలి. గోరు దిగనంత గట్టి రబ్బరు తడి పెడలు మీద జారుతుంది. చివరగా బూట్లు తొడుక్కుని, వేళ్ల మొదళ్ల కింద లావుపాటి పెన్ను ఒకటి పెట్టి దాని మీద నిలబడాలి. పెన్ను ఎక్కడుందో తెలియాలి, నొప్పి మాత్రం పుట్టకూడదు. దుకాణం కుర్రవాడు వింతగా చూస్తే చూడనివ్వాలి.

ఈ లెక్కలకు సరిగ్గా సరిపోయేవి స్కేట్‌బోర్డు ఆడేవాళ్ల కోసం చేసిన బూట్లు. వాటికి కూడా అడుగు చదునుగా ఉండాలి, పట్టు కావాలి, కింద ఉన్న పలక స్పర్శ తెలియాలి. 1966లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదలైన వ్యాన్స్ సంస్థ బూట్లను స్కేట్‌బోర్డు కుర్రాళ్లు 1970లలో తమవిగా చేసుకున్నారు. గళ్లు గళ్లుగా ఉండే వాటి పల్చటి రబ్బరు అడుగు తర్వాత చిన్న సైకిళ్ల విన్యాసగాళ్లకు, ఒంటిచక్రం వాళ్లకు కూడా నచ్చింది. ఈ తరహా బూట్లలో రెండు నిర్మాణాలు కనిపిస్తాయి. పైభాగాన్ని, అడుగును రబ్బరు పట్టీతో అతికించి కొలిమిలో వేడిచేసి కలిపేది ఒకటి. ఇవి పల్చగా, మెత్తగా ఉండి పెడలును బాగా తెలియనిస్తాయి. గిన్నెలా అచ్చుపోసిన అడుగులో పైభాగాన్ని కూర్చి చుట్టూ కుట్టు వేసేది రెండోది. ఇవి కాస్త బిరుసు, దెబ్బను ఎక్కువ ఓర్చుకుంటాయి, ఎక్కువ కాలం మన్నుతాయి. సరదాగా తొక్కేవాళ్లకు మొదటిది, గెంతే వాళ్లకు రెండోది నప్పుతుంది.

రబ్బరు సంగతికొస్తే ఫైవ్ టెన్ పేరు చెప్పక తప్పదు. చార్లెస్ కోల్ 1985లో అమెరికాలో స్థాపించిన ఈ సంస్థ మొదట బండరాళ్లు ఎక్కేవాళ్ల కోసం స్టెల్త్ అనే జిగురైన రబ్బరుతో బూట్లు చేసింది. అదే రబ్బరు కొండ సైకిళ్ల బూట్లలోకి వచ్చింది, అక్కడి నుంచి ఒంటిచక్రం మీద కొండదారులు పట్టేవాళ్లకు చేరింది. 2011లో ఆడిడాస్ ఆ సంస్థను కొనుక్కుంది. ఈ రబ్బరు పిన్నుల చుట్టూ దిగబడి పాదాన్ని బిగించినట్టు పట్టేస్తుంది. రాళ్ల మీద ఎగిరెగిరి పడేటప్పుడు అది వరమే. కానీ మెత్తటి రబ్బరు త్వరగా అరుగుతుంది, పైగా ఎక్కిన తర్వాత పాదం జరుపుకోవడం కష్టం.

అందుకే బూటును పెడలుతో జత కలిపి చూడాలి. నేర్చుకునేవాళ్లకు ప్లాస్టిక్ పెడళ్లే మేలు. పడినప్పుడు పెడలు తిరిగి మోకాలి కింది ఎముకకు తగులుతుంది. లోహపు పిన్నులైతే చర్మం లేచిపోతుంది. ప్లాస్టిక్ పెడలుకు మధ్యస్థమైన రబ్బరు చాలు. లోహపు పెడళ్లలో పిన్నులు చాలావరకు మరలే. పట్టు మరీ ఎక్కువైందనిపిస్తే మధ్యలోవి కొన్ని విప్పేసి చూడవచ్చు. బూట్లు మార్చడం కంటే అది చవక. పెడలు వేదిక చిన్నదై బూటు వెడల్పుగా ఉంటే పాదం బయటి అంచు గాలిలో వేలాడుతుంది, చిటికెన వేలి వైపు తిమ్మిరెక్కుతుంది. అప్పుడు మార్చాల్సింది బూటు కాదు, పెడలు.

లోపలి అంచు విషయం కూడా అంతే ముఖ్యం. ఒంటిచక్రంలో క్రాంకులు పాదాలకు బాగా దగ్గరగా తిరుగుతాయి. బూటుకూ క్రాంకుకూ మధ్య చిన్నవేలు పట్టేంత సందు ఉండాలి. గోడను పట్టుకుని సీటు మీద కూర్చుని, చక్రాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడిస్తే మడమ ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. పాదాలు బయటికి విచ్చుకుని నడిచే అలవాటున్నవాళ్లకు మడమలు లోపలికి వస్తాయి, చీలమండ ఎముక క్రాంకుకు కొట్టుకుంటుంది. అలాంటివాళ్లకు లోపలి వైపు చీలమండ దగ్గర మెత్త ఎక్కువగా ఉన్న బూట్లు పనికొస్తాయి. కొండదారుల కోసం చేసే కొన్ని బూట్లలో లోపలి అంచు బయటి అంచు కంటే ఎత్తుగా ఉండేది ఇందుకే. చీలమండ పూర్తిగా కప్పే ఎత్తు బూట్లు మాత్రం గట్టిగా బిగిస్తే పాదాన్ని ఆడనివ్వవు, పై రంధ్రం ఒకటి వదిలేసి లేసు కట్టుకుంటే సరిపోతుంది.

లేసుల గురించి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే బూటు వల్ల జరిగే ప్రమాదాల్లో చెడ్డది ఇదే. పాదం పెడలు మీద సమతలంగానే ఉంటుంది, పెడలును మోసే ఇరుసు మాత్రం క్రాంకుతో పాటు తిరుగుతుంది. పెడలుకూ క్రాంకుకూ నడుమ ఆ ఇరుసు కొద్దిగా బయటికి కనిపిస్తుంది. ముడి వదులై లేసు చెవి ఒకటి లోపలి వైపు వేలాడుతుంటే, దాని కొస అక్కడ తగులుకుంటుంది. చక్రం ఒక్కసారి తిరిగితే ఇరుసుకు ఒక చుట్టు పడుతుంది, దానికి దాదాపు 5 సెంటీమీటర్ల లేసు పోతుంది. పది సెంటీమీటర్ల వదులుంటే రెండు చుట్లతో సరి. 20 అంగుళాల చక్రం మీద రెండు చుట్లంటే మూడు మీటర్లు, ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే పాదం పెడలుకు కట్టుబడిపోతుంది. మామూలు సైకిలు మీదైతే తొక్కడం ఆపి, పెడలును వెనక్కి తిప్పి లేసు విడిపించుకోవచ్చు. ఒంటిచక్రం మీద పెడలు ఆపడమంటే బండి ఆపడం. బండి ఆగితే మనిషి ముందుకు పడతాడు, పడేటప్పుడు ముందుకు వేయాల్సిన కాలు కట్టేసి ఉంటుంది.

సమాఖ్య నియమావళిలో బూట్ల గురించి ఉన్న కొద్ది మాటల్లో లేసులకు చోటు దక్కింది. బూటు పాదాన్ని పూర్తిగా కప్పాలి, చెప్పులు పనికిరావు, లేసులు వేలాడుతూ క్రాంకు భాగాలకు తగులుకునేలా ఉండకూడదు అని నియమం. ట్రాక్ పందేల్లో మోకాళ్ల రక్షకాలు, చేతి తొడుగులు కూడా తప్పనిసరి. లేసుకు చేయాల్సినవి పెద్ద పనులేమీ కాదు. రెండు ముడులు వేయాలి, ముడిని పాదం బయటి వైపుకు తిప్పాలి, మిగిలిన చెవులను అడ్డంగా పోయిన లేసుల కిందికి దోపాలి. గుండ్రటి నైలాన్ లేసులు తొందరగా జారి విప్పుకుంటాయి, బల్లపరుపు నూలు లేసులు ముడిని పట్టి ఉంచుతాయి. పొడవు ఎక్కువైతే కత్తిరించి కొసను దారంతో చుట్టి కట్టుకోవచ్చు. అతుకుడు పట్టీలున్న బూట్లయితే ఈ బాధే లేదు, పిల్లలకు అవే సుఖం. వదులు ప్యాంటు అంచు కూడా లేసు చేసే పనే చేస్తుంది, మడిచి సాక్సులోకి దోపితే సరి.

లేసులు లేకుండా కాలు దూర్చేసుకునే బూట్లు అప్పుడెందుకు పనికిరావు? పడే తీరు వల్ల. ఒంటిచక్రం మీద నుంచి పడటం చాలాసార్లు ముందుకే జరుగుతుంది. బండి వెనక జారిపోతుంది, మనిషి రెండు మూడు అడుగులు పరుగెత్తి నిలదొక్కుకుంటాడు. ఆ మొదటి అడుగులో బూటు జారిపోతే చీలమండ మడత పడుతుంది. హవాయి చెప్పులు, శాండల్స్ వద్దనడానికీ కారణం ఇదే. రోడ్డు సైకిలు వాళ్లు వాడే, పెడలులోకి క్లిప్పుతో బిగుసుకునే బూట్ల సంగతీ అంతే. పెద్ద చక్రంతో సాఫీ రోడ్ల మీద దూరాలు పోయే ఆరితేరినవాళ్లలో కొద్దిమంది వాటిని వాడతారు. కాలు విడిపించుకోవడానికి మడమను పక్కకు తిప్పాలి, ఆ తిప్పుడు చక్రం దిశనే మారుస్తుంది. చాలామంది వాటి జోలికి పోకపోవడమే సబబు.

సవారీ రకాన్ని బట్టి ఎంపిక మారుతుంది. తెలుగు నాట చాలామందికి ఒంటిచక్రం బండి సర్కస్ డేరాలోనే పరిచయం కాబట్టి అక్కడి విన్యాసాలతో మొదలుపెట్టవచ్చు. చదునైన నేల మీద సంగీతానికి అనుగుణంగా చేసే విన్యాసాల్లో పాదం పెడలును వదిలి నేరుగా టైరు మీదికి వెళ్తుంది. పెడళ్లతో పని లేకుండా టైరును ఒక పాదం తర్వాత మరో పాదంతో ముందుకు నెడుతూ నడిపే విద్య ఒకటుంది, పోటీల్లో దీనికి 30 మీటర్ల పందెం కూడా ఉంది. ఇంకొక దానిలో ఒక పాదాన్ని ఫోర్కు పైభాగాన ఆనించి, రెండో పాదం అడుగును దొర్లే టైరుకు రాస్తూ దాన్నే బ్రేకుగా వాడి తూకం నిలుపుతారు. ఇక్కడ జిగురు రబ్బరు ముంచేస్తుంది, రాయగానే టైరును పట్టేసి మనిషిని ముందుకు విసిరేస్తుంది. లోతైన గుబ్బలున్న అడుగు టైరు గాళ్లలో తగులుకుంటుంది. ముందు కొన వెడల్పుగా ఉంటే ఫోర్కు కాళ్లకు తట్టుకుంటుంది. పల్చగా, సన్నగా, సమంగా అరిగే అడుగున్న తేలికపాటి బూట్లు వీళ్లకు కావాలి. కొత్త బూట్ల కంటే కాస్త అరిగినవే ఈ విద్యకు బాగుంటాయి.

దిమ్మెల మీద, బల్లల మీద, రాళ్ల మీద గెంతుతూ పోయే ట్రయల్స్ వాళ్లది దీనికి పూర్తి వ్యతిరేకం. కెనడాకు చెందిన క్రిస్ హోల్మ్ ఈ రంగానికి పేరు తెచ్చినవాళ్లలో ముఖ్యుడు. తన పేరుతోనే 1999లో గట్టి యూనిసైకిళ్ల సంస్థ ప్రారంభించాడు. గెంతేటప్పుడు పెడళ్లు నేలకు సమాంతరంగా నిలిచి ఉంటాయి, పాదాలు వాటి మీద కదలవు. బండి మనిషితో పాటు గాలిలోకి లేవాలంటే చేతితో సీటును లాగుతూ, పాదాలతో పెడళ్లను వదలకుండా పట్టాలి. ఇక్కడ ఎంత పట్టైనా ఎక్కువ కాదు. మందమైన, దెబ్బను తాగే అడుగు, జిగురు రబ్బరు, పొడవాటి పిన్నులు, మోకాలి కింద కవచం అన్నీ కలిసే రావాలి.

కొండదారులకు ఇంకొకటి తోడవుతుంది. అలాస్కాలోని సీవార్డ్‌లో ఉండే జార్జ్ పెక్ 1980ల నాటికే రాళ్లదారుల్లో, సముద్రపు ఒడ్డున ఒంటిచక్రం నడిపిన తొలితరం మనిషి. ఇలాంటి దారుల్లో ఎక్కినంత దూరం దిగి నడవాల్సి వస్తుంది. అడుగు మధ్యభాగం చదునుగా ఉండి, కొన దగ్గర, మడమ దగ్గర మాత్రం గుబ్బలున్న బూటు ఈ రెండు పనులకూ సరిపోతుంది. రాళ్లకు తగిలే వేళ్లకు ముందు గట్టి టోపీ ఉండాలి. బురదలో గుబ్బల మధ్య మట్టి నిండితే ఏ రబ్బరూ పట్టదు, ఎక్కేముందు పెడలు అంచుకు గీకి దులుపుకోవడం వీళ్లకు అలవాటు.

రోడ్డు మీద దూరాలు పోయేవాళ్లకు గంటల తరబడి ఒకే కదలిక. బిరుసైన అడుగు, గాలి ఆడే పైభాగం, తక్కువ బరువు వీళ్లకు కావాలి. వీరిలో కొందరు స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్లోరియన్ ష్లుంఫ్ రూపొందించిన రెండు గేర్ల హబ్ వాడతారు. దాని గేరు మార్చే బొత్తాలు ఇరుసు రెండు చివర్లా, క్రాంకుల పక్కన ఉంటాయి. తొక్కుతూనే మడమ లోపలి పక్కతో బొత్తాన్ని నొక్కాలి. పెద్ద గేరులో చక్రం పెడలు చుట్టుకు ఒకటిన్నర చుట్ల పైన, సుమారు 1.55 చుట్లు తిరుగుతుంది. 36 అంగుళాల చక్రం 56 అంగుళాల దానిలా నడుస్తుంది. బూటు మడమ పక్క మెత్తగా ఉంటే బొత్తం సరిగా దిగదు. మడమ రబ్బరు బయటికి పొడుచుకొస్తే అనుకోకుండా గేరు మారిపోతుంది, ఆ వేగంలో అది చిన్న విషయం కాదు. బూటు మడమ ఆకారం గేరు పనితీరును శాసించే వాహనం మరొకటి దొరకడం కష్టం.

మన ఊళ్లలో నేర్చుకోవాలనుకునేవాళ్లు పై దేశాల బూట్ల కోసం ఎదురుచూడనక్కర్లేదు. బడి పిల్లలు డ్రిల్లు రోజున వేసుకునే తెల్ల కాన్వాస్ బూట్లు మొదటి నెలలకు చక్కగా పనికొస్తాయి. అడుగు చదును, రబ్బరు మధ్యస్థం, బరువు తక్కువ, పాదమంతా కప్పుతాయి. ప్లాస్టిక్ పెడలు మీద వీటికి వంక పెట్టడానికి లేదు. పిన్నుల పెడలు మీద మాత్రం పల్చని అడుగులోంచి పొడుస్తాయి. లోపల మంచి ఇన్‌సోల్ ఒకటి వేస్తే కొంత నయం, అయితే అది పాదాన్ని పైకి లేపి బూటును బిగుతు చేస్తుంది కనుక ఇన్‌సోల్‌తో సహా తొడిగి చూసుకోవాలి. బ్యాడ్మింటన్ వంటి ఇండోర్ ఆటల బూట్లు కూడా బాగుంటాయి, వాటి అడుగు రబ్బరు పట్టున్నది. తారు రోడ్డు మీద పదేపదే దిగితే త్వరగా అరుగుతాయన్నదొక్కటే వాటి లోటు.

ఎదిగే పిల్లలని ఒక సైజు పెద్దది కొనడం మన ఇళ్లలో మామూలే. ఒంటిచక్రానికి అది పనికిరాదు. బూటులో పాదం ముందుకూ వెనక్కూ ఆడితే పెడలు మీద బూటు కదలకపోయినా పాదం కదులుతుంది. బొటనవేలి ముందు అర వేలు ఖాళీ చాలు, మడమ మాత్రం అసలు లేవకూడదు. మన దుకాణాల్లో నంబర్లు బ్రిటిష్ లెక్క ప్రకారం ఉంటాయి. మగవాళ్ల 8వ నంబరు అమెరికా లెక్కలో దాదాపు 9, యూరప్ లెక్కలో 42 అవుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించేవాళ్లు నంబరు నమ్ముకోకుండా, కాగితం మీద నిలబడి పాదం పొడవును సెంటీమీటర్లలో కొలుచుకుని చూసుకోవడం మేలు. కొలత సాయంత్రం తీసుకోవాలి, పగలంతా నడిచిన పాదం కొంచెం ఉబ్బుతుంది. తొడిగి చూసేటప్పుడు సవారీకి వేసుకునే సాక్సులే వేసుకోవాలి.

వాడుతున్న బూట్లు ఎప్పుడు మార్చాలో అడుగే చెబుతుంది. పెడలు ఆనే చోట గళ్లు మాసిపోయి నున్నగా మెరుస్తుంటే తడిలో జారడం ఖాయం. పిన్నులు దిగి దిగి గుంటలు పడితే పాదం వాటిలోకే వెళ్లి కూర్చుంటుంది, ఆ గుంటలు సరైన చోట లేకపోతే పాదాన్ని ఎప్పుడూ తప్పుడు చోటికే లాగుతాయి. మడమ ఒక పక్క అరిగిన బూటు మోకాలిని పక్కకు తోస్తుంది, అది నడకకు కూడా చెడ్డదే. కొన దగ్గర అడుగు విడిపోతే వీధి చివర చెప్పులు కుట్టే అతను రెండు వరసల కుట్టు వేసి నిలబెడతాడు, గిన్నె తరహా అడుగైతే ఆ కుట్టు బాగా మన్నుతుంది. ఉత్త జిగురుతో అతికిస్తే మాత్రం పెడలు మెలికకు మళ్లీ ఊడుతుంది. తడిసిన బూట్లలోంచి ఇన్‌సోల్ తీసి, కాగితాలు కుక్కి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే జిగురు మెత్తబడి పట్టీ లేచిపోతుంది, రబ్బరు బిరుసెక్కి పట్టు పోతుంది.